భూమికి వెల కట్టే చేయి ఎవరిది? - వాడరేవు తీరం నుంచి ఒక చర్చ

చీరాల నుంచి వాడరేవు పోయే దారిలో ఉన్న ఒక కాలనీ కుర్రాడు పోయిన వేసవిలో మమ్మల్ని ఒక ప్రశ్న అడిగాడు. సివిల్ ఇంజనీరింగ్ పూర్తి చేసి కాంట్రాక్టర్ల దగ్గర చిన్న జీతానికి పనిచేస్తున్నాడు. "అన్నా, ఈ వాల్యుయేషన్ పనిలోకి పోదామనుకుంటున్నా. బ్యాంకులోళ్లకి ఇళ్లు, స్థలాలు చూసి ధర రాసిచ్చే పని. మనోళ్లకి అచ్చొస్తుందంటావా?" అన్నాడు.

అప్పటికప్పుడు మా దగ్గర జవాబు లేదు. మా ఇంట్లో డిగ్రీ గడప తొక్కిన మొదటి మనుషులం మేమే. ఉద్యోగం అంటే టీచరు, గుమాస్తా, కానిస్టేబులు అనుకునే ఇంట్లో పుట్టాం. ఒకరి ఆస్తికి వెల కట్టడం కూడా ఒక బతుకుతెరువేనని మాకు యూనివర్సిటీకి వచ్చిందాకా తెలియదు. కానీ ఆ ప్రశ్న వదల్లేదు. ఇది ఒక కుర్రాడి కెరీర్ సంగతి మాత్రమే కాదనిపించింది. ఈ దేశంలో భూమి ఎవరిదన్న ప్రశ్న మీద చాలా రాశాం, చాలా అరిచాం. భూమి విలువ ఎంతో చెప్పే అధికారం ఎవరిదన్న ప్రశ్న మీద పెద్దగా మాట్లాడలేదు. ఆ రెండో ప్రశ్నకు చరిత్ర ఉంది. ఆ చరిత్ర చూడకుండా కుర్రాడికి జవాబు చెప్పలేం.

గొలుసు పట్టినోళ్లు, లెక్క రాసినోళ్లు

గుంటూరు సీమ 1788లో ఇంగ్లీషువాళ్ల చేతికొచ్చింది. 1802లో శాశ్వత శిస్తు ఒప్పందంతో జమీందార్ల కిందికి పోయింది. 1832-33 కరువు, ఆ తర్వాత జమీందారీల పతనంతో చాలాభాగం రైత్వారీ అయింది. 19వ శతాబ్దం రెండో సగంలో సర్వే, సెటిల్‌మెంటు జరిగాయి. నేలను కొలవడం సర్వే. నేలకు వెల కట్టడం సెటిల్‌మెంటు. నల్లరేగడా, ఎర్రనేలా, ఇసుకా అని చూసి, ఎకరానికి ఎంత పండుతుందో అంచనా వేసి, దాన్ని రూపాయల్లోకి మార్చి, సేద్యం ఖర్చు తీసేసి, మిగిలినదాంట్లో సగం సర్కారు శిస్తు అన్నారు. నేలకు వేసిన ఆ గ్రేడును 'తరం' అన్నారు. ఈ పత్తి, మిరప నేలలకు అధికారికంగా అంకె పడింది అప్పుడే.

ఆ అంకె ఎవరు రాశారు? పైన తెల్ల అధికారి, కింద కరణం. అడంగల్ కరణం ఇంట్లో ఉండేది, ఊరి తగువుకి ఆఖరి సాక్ష్యం అదే. ఏ నేల మెట్ట, ఏది మాగాణి, ఏది బంజరు, ఏది పోరంబోకు, సాగులో ఎవరున్నారు అన్నదంతా ఆయన కలం మొన మీద ఉండేది.

మనోళ్లు అక్కడ లేరా? ఉన్నారు. వెట్టివాడుగా, నీరటికాడుగా ఉన్నారు. సర్వే పార్టీ వస్తే రాళ్లు మోసింది, గొలుసు పట్టింది, పొలిమేర చూపించింది ఈ మనుషులే. ఏ చేను గట్టు ఎక్కడుందో, ఏ దిబ్బ కింద పాత రాయి ఉందో ఊళ్లో అందరికన్నా వాళ్లకే ఎక్కువ తెలుసు. మా తాత గొలుసు పట్టాడు. ఆ గొలుసు కొలిచిన అంకె ఆయన చదవలేడు. నేల గురించిన తెలివి ఒక కులం దగ్గర, నేల గురించిన రాత ఇంకో కులం దగ్గర. ఈ విడదీత అనుకోకుండా జరిగింది కాదు. చట్టం దాన్ని కాపాడింది. 1895 నాటి మద్రాసు వంశపారంపర్య గ్రామోద్యోగాల చట్టం కరణం కొడుకు కరణం, మునసబు కొడుకు మునసబు అని రాసిపెట్టింది. వెట్టివాడి కొడుకు వెట్టివాడు అన్నదీ అందులో భాగమే. మహారాష్ట్రలో మహర్ వతన్ పేరుతో ఇదే సంకెల ఉండేది. దాన్ని తెంచడానికే అంబేద్కర్ 1928లో బొంబాయి శాసనమండలిలో బిల్లు పెట్టాడు. అక్కడ పేరు వేరు, సంకెల మాత్రం ఇదే.

ఆ చట్టానికి తొలి దెబ్బ మన జిల్లా నుంచే తగిలింది. గుంటూరు జిల్లా పెరవలిపాలెం మునసబు పదవి గొడవ సుప్రీంకోర్టుకెళ్లింది. గాజుల దశరథరామారావు కేసులో 1960 డిసెంబరు 6న కోర్టు, సర్కారీ పదవికి వంశం చూడటం రాజ్యాంగంలోని సమాన అవకాశాల హక్కుకు విరుద్ధమంది. తీర్పు వచ్చాక కూడా ఊళ్లో పెత్తనం ఆ ఇళ్లలోనే నడిచింది. 1984 జనవరి 6న ఎన్టీఆర్ ప్రభుత్వం ఆర్డినెన్సుతో కరణం, మునసబు పదవుల్ని రద్దు చేసింది. పదవులు పోయాయి. పుస్తకాలు మాత్రం చాలా ఊళ్లలో అంత తేలిగ్గా బయటికి రాలేదు. నేల తరం రాసే పని ఎన్నో తరాలుగా కొన్ని ఇళ్ల సొత్తు. చదువులో మొదటి తరం వాళ్లమైన మనం ఆ పనిలోకి ఇప్పుడు తొంగిచూస్తున్నాం.

వెలను కాదన్న ఊరు

సర్కారు కట్టిన వెలను కాదన్న పెద్ద పోరాటం కూడా ఈ తీరంలోనే జరిగింది. చీరాల-పేరాల ఉద్యమాన్ని జాతీయోద్యమం అధ్యాయంలో చదువుకుంటాం. దాని మూలం ఇంటిపన్ను. 1919లో చీరాల, పేరాల గ్రామాల్ని కలిపి మునిసిపాలిటీ చేశారు. పన్నుల భారం ఎన్నో రెట్లు పెరిగింది. నేతగాళ్లు, చిన్న రైతులు మోయలేకపోయారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో 1921లో జనం ఇళ్లు వదిలి ఊరి బయట రామనగర్ కట్టుకుని దాదాపు పదకొండు నెలలు పాకల్లో ఉన్నారు.

ఆ త్యాగాన్ని మేము తక్కువ చెయ్యడం లేదు. అయితే ఒక మాట అడగాలి. ఇంటికి కట్టిన వెల ఎక్కువైందని ఊరు వదిలిన వాళ్లు చరిత్రకెక్కారు. సరిగ్గా ఆ పక్కనే, అరవై నాలుగేళ్ల తర్వాత, ఇంకో జనం ఊరు వదిలారు. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు దళితుల్ని చంపారు. మిగిలినవాళ్లు చీరాలకు పరుగెత్తుకొచ్చి శిబిరంలో తలదాచుకున్నారు. తిరిగి ఊరికి పోమన్నారు. చీరాలలో విజయనగర్ కాలనీ అట్లా పుట్టింది. మొదటివాళ్లు పదకొండు నెలలకు ఇళ్లకు తిరిగొచ్చారు. వీళ్లు రాలేదు. వీళ్లు వదిలిన ఇళ్లకు, దొడ్లకు, బర్రెల కొట్టాలకు ఏ రిజిస్టరులో ఏ వెల రాశారు?

'ఇష్టపడి అమ్మేవాడు'

వాల్యుయేషన్ పుస్తకం ఏది తెరిచినా మొదట ఒక నిర్వచనం ఉంటుంది. బలవంతం లేకుండా ఇష్టపడి అమ్మేవాడికీ, ఇష్టపడి కొనేవాడికీ మధ్య కుదిరే ధరే మార్కెట్ విలువ అని. వినడానికి ఎంతో న్యాయంగా ఉంటుంది. మాకు మాత్రం ఈ నిర్వచనం చదివినప్పుడల్లా కారంచేడు గుర్తొస్తుంది. ప్రాణభయంతో పోయినవాడు ఇష్టపడి అమ్మేవాడా?

అంత దూరం కూడా పోనక్కర్లేదు. పల్లెలో ఇల్లు ఎవరు కొంటారు? ఊళ్లోవాళ్లు కొనరు. పల్లెలోవాళ్లే కొనాలి, వాళ్ల దగ్గర డబ్బుండదు. కొనేవాళ్లు నలుగురే ఉన్నచోట ధర ఎట్లా పెరుగుతుంది? వెల కట్టే ఇంజనీరు ఈ తక్కువ ధర చూసి 'ఏరియా డిమాండు తక్కువ' అని రాస్తాడు. అతని లెక్కలో తప్పుండదు. కులం తయారుచేసిన ధరను సహజమైన ధరగా రాయడమే అసలు తప్పు. ఆ కాగితం మళ్లీ బ్యాంకుకి పోతుంది, బ్యాంకు అప్పు తగ్గిస్తుంది, అప్పు లేక ఇల్లు బాగుపడదు, ఇల్లు బాగుపడక ధర పెరగదు. ఇట్లా గానుగెద్దు తిరుగుడు తిరుగుతాం.

ఇది మేము అనుభవించిందే. పైచదువు ఖర్చుకి ఇల్లు తాకట్టు పెడదామని ఒక బ్యాంకుకి వెళ్లాం. వెల కట్టడానికి వచ్చినాయన లోపలికి రాలేదు. రోడ్డు మీదే నిలబడి, టేపు పట్టుకోవడానికి మా నాన్నను పిలిచి, "ఇది ఏ కాలనీ?" అని అడిగి రాసుకుపోయాడు. రిపోర్టులో మా గజానికి రాసిన ధర రోడ్డుకు అవతలి గజానికి రాసేదాంట్లో సగం కూడా లేదు. చివరికి, డి-ఫారం పట్టా స్థలం కాబట్టి అసలు అప్పే ఇవ్వమన్నారు. తాత గొలుసు పట్టాడు, నాన్న టేపు పట్టాడు. రాసిన చేయి మాత్రం మారలేదు.

ఇదే నేల మీద ఇంకోరకం వెల కట్టిన చరిత్ర కూడా ఉంది. విశాఖ ఓడరేవు పక్కన లోవ తోటలు ఒక జమీందారువి. అందులో మంచినీటి ఊట ఉంది. రేవు దగ్గర మలేరియా నివారణకని సర్కారు ఆ నేల తీసుకుంది. ఆ ఊటకున్న విలువ సంగతి ఏమిటన్న వివాదం లండన్ ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లింది. కొనేది ఒక్క సర్కారే అయినా సరే, ఆ నేలకు రేపు ఏ ఉపయోగం ఉండగలదో దానికీ వెల కట్టాల్సిందే అని 1939లో తీర్పొచ్చింది. వైరిచర్ల నారాయణ గజపతిరాజు కేసు అది. ఇంగ్లీషు చట్టం నడిచే దేశాల్లో నష్టపరిహారం కేసులన్నిటికీ దిక్సూచి అయింది. జమీందారు నేలకు రేపటి విలువ కూడా కట్టారు. మన నేలకు నిన్నటి ధర కట్టడానికే పోట్లాడాల్సి వస్తుంది.

డి-పట్టా లెక్క

మనోళ్లకున్న భూమిలో చాలాభాగం సర్కారిచ్చింది. రెవెన్యూ బోర్డు స్టాండింగ్ ఆర్డరు 15 కింద ఇచ్చిన డి-ఫారం పట్టాలు. అమ్మకూడదు, అవసరమైతే సర్కారు తీసేసుకుంటుంది అన్న షరతు ఉంటుంది. ఈ భూముల్ని పెత్తందార్లు కాజేస్తున్నారని 1977లో 9వ నంబరు చట్టం తెచ్చారు. అమ్మినా కొన్నా చెల్లదంది. ఆ చట్టం లేకపోతే ఈపాటికి సెంటు కూడా మిగిలేది కాదు, నిజమే. కానీ దానికి రెండో వైపు ఉంది. అమ్మకం లేని భూమికి రిజిస్ట్రేషన్ దస్తావేజు ఉండదు. దస్తావేజు లేని భూమికి పోల్చి చూసుకునే ధర ఉండదు. పోల్చే ధర లేకపోతే వెల కట్టేవాడు తన ఇష్టం వచ్చింది రాస్తాడు, లేదా సున్నా రాస్తాడు.

ఆ సున్నాకి ఎదురు తిరిగిన తీర్పు 2004లో వచ్చింది. మేకల పాండు కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం, ప్రజావసరానికి అసైన్డ్ భూమి తీసుకుంటే సొంత పట్టాదారుకిచ్చినట్టే మార్కెట్ విలువ, సొలేషియం ఇవ్వాలంది. నష్టపరిహారం ఇవ్వనక్కర్లేదన్న షరతు చెల్లదంది. 2013 భూసేకరణ చట్టం భూయజమాని అన్న మాటలోనే అసైన్డ్ పట్టాదారును చేర్చింది. దళిత ఉద్యమకారులు అంబేద్కర్ విగ్రహం ఎంత గుర్తుపెట్టుకుంటారో ఈ తీర్పును కూడా అంతే గుర్తుపెట్టుకోవాలని మా మనవి.

ఎందుకంటే తీర్పులుండగానే లెక్కలు మారతాయి. 2015లో అమరావతి రాజధానికి గుంటూరు జిల్లాలో భూసమీకరణ మొదలుపెట్టినప్పుడు, ఎకరం మెట్ట ఇచ్చిన పట్టా రైతుకు 1000 గజాల ఇంటిస్థలం, 250 గజాల వాణిజ్య స్థలం అన్నారు. అదే మెట్ట అసైన్డ్ అయితే 800, 100 అన్నారు. జరీబు భూమికి పట్టా రైతుకు 1000, 450. అసైన్డ్ రైతుకు 800, 200. గట్టుకు ఇటూ అటూ ఒకే మట్టి, ఒకే కృష్ణ నీరు. కాగితం వేరు కాబట్టి వెల వేరు. తర్వాత విమర్శలొచ్చాయి, మార్పులూ జరిగాయి. కానీ ఈలోపు భూమి ఊరికే పోతుందన్న భయంతో తక్కువకు అమ్ముకున్నవాళ్ల గోడు కేసుల దాకా వెళ్లింది.

వాడరేవు కథా ఇట్లాంటిదే. 2008లో వాడరేవు-నిజాంపట్నం ఓడరేవుల, పారిశ్రామిక కారిడారు కోసం రస్ అల్ ఖైమా ప్రభుత్వంతో రాష్ట్రం ఒప్పందం చేసుకుంది. తీరం వెంట వేల ఎకరాలు చేతులు మారాయి, అసైన్డ్ భూములూ అందులో ఉన్నాయి. 2011 నుంచి సీబీఐ దర్యాప్తు, కోర్టులు. ఓడరేవు రాలేదు. సరుగుడు తోటలు, జీడిమామిడి దిబ్బలు అమ్ముకున్నవాళ్లకు ఆ రోజు ఇసుక పర్ర ధర చెప్పారు. ఇవాళ అదే తీరంలో రిసార్టుల పక్క స్థలం ధర ఎంతో చీరాలలో ఏ బ్రోకరునడిగినా చెబుతాడు. ఇప్పుడు వాడరేవు-పిడుగురాళ్ల జాతీయ రహదారికి భూసేకరణ వచ్చింది. మళ్లీ అవే ప్రశ్నలు.

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో గజానికింత, ఎకరానికింత అని ఒక పుస్తకం ఉంటుంది. అది స్టాంపు డ్యూటీ కోసం అధికారుల కమిటీ వేసిన అంచనా. నష్టపరిహారానికి ఆ పుస్తకమే ప్రమాణం కాదని 1994లో జవాజీ నాగనాథం కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2013 చట్టం వచ్చాక ఆ పుస్తకం ధర, చుట్టుపక్కల మూడేళ్ల దస్తావేజుల్లో ఎక్కువ ధర పలికిన సగం దస్తావేజుల సగటు, ఈ రెంటిలో ఏది ఎక్కువైతే అది చూడాలి. ఏ దస్తావేజు ఏరాలో, ఏది పక్కన పెట్టాలో తెలిసినవాడు పల్లెలో ఒక్కడున్నా అవార్డు మారుతుంది. ఆ ఒక్కడు లేకపోవడం వల్ల మనం ఎంత పోగొట్టుకున్నామో లెక్కే లేదు.

అమెరికా నల్లవాళ్ల అనుభవం

వెల కట్టడంలో పక్షపాతం మన ఒక్కళ్ల గోడే కాదు. 1933లో అమెరికాలో ఇళ్ల అప్పుల కోసం హోమ్ ఓనర్స్ లోన్ కార్పొరేషన్ పెట్టారు. అది నగరాల మ్యాపులు గీసి పేటలకు నాలుగు గ్రేడులిచ్చింది. ఎ ఆకుపచ్చ, బి నీలం, సి పసుపు, డి ఎరుపు. నల్లవాళ్లుండే పేటలు దాదాపు అన్నీ ఎరుపులో పడ్డాయి. నల్లవాళ్లొస్తే ధర పడిపోతుందని వాల్యుయేషన్ పాఠ్యపుస్తకాలే నేర్పాయి. 1968లో ఇళ్ల విషయంలో వివక్షను నిషేధిస్తూ చట్టమొచ్చినా పాఠాలు మారలేదు. 1976లో అక్కడి ప్రభుత్వమే వాల్యుయర్ల సంస్థ మీద కేసు వేసింది. మరుసటేడు రాజీ కుదిరి ఆ పాఠాలు మార్చుకోవాల్సి వచ్చింది.

వాళ్లకు డి గ్రేడు, మనకు డి పట్టా. అక్షరం కలవడం కాకతాళీయమే. కానీ అక్కడ వివక్షకు రంగు పూసిన మ్యాపు ఉంది. ఇక్కడ మ్యాపు లేదు. వెల కట్టేవాడి మనసులోనే ఉంది. మ్యాపు లేని వివక్షను రుజువు చెయ్యాలంటే ఆ రిపోర్టులు రాయడం తెలిసినవాళ్లు మనలో ఉండాలి.

పని సంగతి

ఇక కుర్రాడి ప్రశ్న. ఈ పనికి గిరాకీ ఉంది. ఇంటి అప్పుకి, వ్యాపారం తాకట్టుకి, అమెరికా చదువుకి వీసా కాగితాలకి ఆస్తి విలువ సర్టిఫికెట్టు కావాలి. 2002 సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు ఇల్లు వేలం వెయ్యాలన్నా ముందు వాల్యుయరు ధర రాయాలి. 2017 నుంచి కంపెనీల చట్టం కింద రిజిస్టర్డ్ వాల్యుయర్ల వ్యవస్థ వచ్చింది, దివాలా బోర్డు దాన్ని చూస్తుంది. భూమి, భవనాల విభాగానికి సివిల్ డిగ్రీ ఉన్నవాడికి ఐదేళ్ల అనుభవం కావాలి. గుర్తింపున్న సంస్థలో సభ్యత్వం తీసుకుని 50 గంటల క్లాసులు వినాలి. తర్వాత పరీక్ష. నూటికి అరవై రావాలి, తప్పు రాస్తే మార్కులు కోస్తారు. ఇందులో మన పిల్లలు చెయ్యలేనిది ఒక్కటీ లేదు.

కష్టం పరీక్ష తర్వాత మొదలవుతుంది. ఇది జీతం ఉద్యోగం కాదు. బ్యాంకు ప్యానెల్‌లో పేరుండాలి. లైసెన్సు పని కాబట్టి రిజర్వేషన్ ఊసు లేదు. మేనేజరుతో పరిచయం, బిల్డరుతో స్నేహం, ఊళ్లో నలుగురు చుట్టాలు ఉన్నవాడికి ఫైళ్లొస్తాయి. మన పిల్లవాడికి మొదటి రెండు మూడేళ్లు ఆఫీసు అద్దె ఎవరు కడతారు? అప్పు ఇప్పించడానికి ధర పెంచి రాయమని ఒకడు, వేలంలో కొట్టెయ్యడానికి తగ్గించి రాయమని ఇంకొకడు ఒత్తిడి చేస్తారు. రేపు అప్పు మునిగితే సంతకం పెట్టినవాడి మీదికే వస్తుంది. అండ లేనివాడే ముందు దొరుకుతాడు. ఇంకో మాట. ఈ పనిలో డబ్బు ఇచ్చేది బ్యాంకు, కంపెనీ. పల్లె కాదు. వేలానికొచ్చిన కాలనీ ఇంటికి 'డిస్ట్రెస్ విలువ' రాయాల్సిన రోజు మన పిల్లవాడికే రావచ్చు.

దీంతో పోలిస్తే 2019లో గ్రామ సచివాలయాలతో వచ్చిన పది వేలకు పైగా గ్రామ సర్వేయర్ల ఉద్యోగాలు మనోళ్లకు సూటైన దారి. రోస్టరు ఉంది, నెల జీతం ఉంది. 2020 డిసెంబరులో మొదలైన రీసర్వేలో గొలుసు పట్టిన ఇళ్ల పిల్లలు కొందరు రోవరు పట్టుకున్నారు. అది చిన్న మార్పు కాదు. కానీ సర్వేయరు కొలుస్తాడు, వెల కట్టడు.

అందుకని కుర్రాడికి మేము ఇట్లా చెప్పాం. "పో తమ్ముడూ. కానీ ఉన్న పని వదిలేసి పోవద్దు. ఐదేళ్ల అనుభవం ఎట్లాగూ కావాలి, ఆ ఐదేళ్లూ జీతం మీద ఉంటూ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు, ఆర్డీఓ ఆఫీసు, కోర్టు తిరిగి దస్తావేజులు చదవడం నేర్చుకో. ఒంటరిగా దిగకు. నీలాంటివాళ్లు నలుగురు కలిసి ఒక ఆఫీసు పెట్టుకోండి, అద్దె నాలుగు భాగాలవుతుంది, ఒత్తిడి కూడా. బ్యాంకు పని పొట్టకి. భూసేకరణ నోటీసు వచ్చిన పల్లెకి లెక్క రాసిపెట్టడం మనకి." డబ్బు కోసమే అయితే ఇది గొప్ప పని కాదని కూడా దాచకుండా చెప్పాం.

"మరి మన కాలనీ ఇంటికి నేనే ధర రాయాల్సొస్తే?" అన్నాడు.

"లోపలికెళ్లి చూసి రాయి" అన్నాం.